సంఘం ఉంటే చాలదా, దేవుడెందుకు?



నేను పాస్టర్ని కాను. వేదాంత కళాశాలలో చదివినవాణ్ణీ కాను. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, ఇక్కడ టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం ఆరాధనలో సౌండ్ సిస్టమ్ చూసుకునే మామూలు విశ్వాసిని. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం మా పెదనాన్న చేసిన ఒక ఫోన్ కాల్. ఆ రోజు ఆయన అడిగిన రెండు ప్రశ్నలు నన్ను చాలా వారాలు నిద్రపోనివ్వలేదు. అవి మీకు కూడా అవసరమైన ప్రశ్నలే అనిపించి మీ ముందు పెడుతున్నాను. కొందరి గౌరవం కోసం చిన్న చిన్న వివరాలు మార్చాను, విషయం మాత్రం మార్చలేదు.

పెదనాన్నకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒంగోలు దగ్గర మా పల్లెలో ముప్పై ఏళ్ళకు పైగా కూలీల సంఘంలో పనిచేశాడు. ఆయన తమ్ముడు, అంటే మా నాన్న, అదే పల్లెలో బాప్టిస్టు సంఘానికి డీకన్. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, రెండు సంఘాలు. నా చిన్నప్పుడు ఎవరైనా గుమ్మంలో నిలబడి "ఇవాళ సంఘం మీటింగు ఉంది" అంటే, "ఏ సంఘం?" అని మా అమ్మ అడగాల్సి వచ్చేది.

ఆ శనివారం మాటల్లో మా ఫెలోషిప్ గురించి కాస్త గర్వంగానే చెప్పాను. చదువు ముగించుకున్న ఒక తమ్ముణ్ణి ఒక కన్సల్టెన్సీ హెచ్-1బి మీద పెట్టుకుంది. ప్రాజెక్టు అయిపోయాక బెంచ్ మీద ఉంచి మూడు నెలలు జీతం ఇవ్వలేదు. మా సహోదరులు కొందరు కలిసి అతని ఇంటి అద్దె కట్టారు. అక్కలు వంతులు వేసుకుని వంట పంపారు. అందరం ఒక రోజు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. ఇదంతా విని పెదనాన్న, "మంచి పని చేశారు అబ్బాయా. మరి ఆ జీతం అడిగారా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఎందుకంటే ఆ కన్సల్టెన్సీ నడిపే అన్న మా ఫెలోషిప్‌లోనే, ముందు నుంచి రెండో వరుసలో కూర్చుంటాడు. హాలు అద్దెకు తక్కువ పడినప్పుడల్లా ముందుగా చెయ్యి జేబులో పెట్టేది ఆయనే.

నా మౌనం చూసి పెదనాన్న మాట మార్చాడు. "సరేలే. అద్దె కట్టడం, కూడు పెట్టడం, ధైర్యం చెప్పడం, ఇవన్నీ మా సంఘం కూడా చేసింది. దేవుడి పేరు ఎత్తకుండానే చేసింది. మరి మీకు దేవుడెందుకురా?" అని నవ్వాడు. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

జీతం అడిగారా? దేవుడెందుకు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ నేను చదివినవీ, ప్రార్థించినవీ ఇక్కడ పంచుకుంటున్నాను.

నల్లమందు మాట

మతాన్ని కారల్ మార్క్స్ నల్లమందుతో పోల్చాడని మనలో చాలామందికి తెలుసు. ఆ మాట వినగానే ఆయన దేవునికి శత్రువు అని పుస్తకం మూసేస్తాం. కానీ ఆ పోలిక ఎక్కడ, ఎందుకు వచ్చిందో ఒకసారి చూద్దాం.

మార్క్స్ యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ప్రొటెస్టెంటు మతంలో చేరాడు. పిల్లవాడికి ఆరేళ్ళప్పుడు, 1824లో, బాప్తిస్మం ఇప్పించారు. ఆయన స్నేహితుడు ఏంగెల్స్ బార్మెన్ పట్టణంలో గట్టి భక్తి గల నేతమిల్లు యజమాని ఇంట్లో పెరిగాడు. అంటే వీళ్ళిద్దరూ క్రైస్తవ్యాన్ని దూరం నుంచి చూసినవాళ్ళు కారు. మార్క్స్ ఆ వ్యాసం 1844లో పారిస్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. ఆ రోజుల్లో యూరప్ మందుల దుకాణాల్లో నల్లమందు మామూలుగా దొరికే నొప్పి మందు. ఏడ్చే పసిపిల్లలకు కూడా పట్టేవారు. మతం అబద్ధపు మత్తు అని మాత్రమే ఆయన అనలేదు. నలిగిపోయిన మనిషి మూలుగు అందులో వినిపిస్తుందని, అది బాధను చెప్పుకోవడమే కాక ఆ బాధకు ఎదురు చెప్పడం కూడా అని రాశాడు. అయితే ఆ మందు నొప్పిని తగ్గిస్తుంది గానీ రోగాన్ని అలాగే వదిలేస్తుంది, కాబట్టి రోగం పోతే మందు అవసరమూ పోతుంది అని ఆయన వాదన.

మా పనిలో దీనికి దగ్గరి పోలిక ఒకటుంది. సర్వర్ నుంచి రాత్రంతా అలర్ట్ వస్తూ ఉంటే, విసుగొచ్చి ఆ అలర్ట్‌ను ఆపేసి పడుకోవచ్చు. తెర మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. లోపల డిస్క్ మాత్రం నిండిపోతూనే ఉంటుంది. మన ప్రార్థన కూడికలు కొన్నిసార్లు ఆపేసిన అలర్ట్‌లా పనిచేస్తాయా? అద్దె కట్టాం, వంట పంపాం, కన్నీళ్ళతో ప్రార్థించాం, అందరికీ మనసు తేలికైంది. జీతం మాత్రం రాలేదు.

ఇక్కడ మార్క్స్ మనకు కొత్త సంగతేమీ చెప్పలేదు. ఆయనకు రెండున్నర వేల ఏళ్ళ ముందే ఆమోసు ప్రవక్త ఇంతకంటే కఠినంగా మాట్లాడాడు. న్యాయం లేనిచోట పండుగలూ పాటలూ దేవునికి అసహ్యమని ఐదో అధ్యాయంలో ఉంది. ఉపవాసముండి ఆ రోజే పనివాళ్ళను పీడించేవారి గురించి యెషయా 58వ అధ్యాయంలో చదువుతాం. కోత కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడుతుందని యాకోబు 5:4 చెబుతుంది. పెదనాన్న మొదటి ప్రశ్న నిజానికి మన బైబిల్లోని ప్రశ్నే. మనం మరచిపోతే మనకు గుర్తు చేయడానికి ప్రభువు ఒక నాస్తికుణ్ణి వాడుకున్నాడు.

పాడుకోండి, పెట్టకండి

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. సంఘం చేసే మేలు దేవుడు లేకుండా కూడా చేయగలిగితే ఇక దేవుడెందుకు? మార్క్స్ పేరుతో ఏర్పడిన ప్రభుత్వాలు దీన్ని కాగితం మీద కాక దేశాల మీదే పరీక్షించి చూశాయి.

సోవియట్ రష్యాలో 1929 ఏప్రిల్‌లో మత సంఘాల మీద ఒక చట్టం వచ్చింది. దాన్ని చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. నమోదైన భవనంలో ఆరాధన జరుపుకోవచ్చు. కానీ సభ్యులు ఒకరికొకరు సహాయనిధి పెట్టుకోకూడదు. సంఘం తన సభ్యులకు ఆర్థిక సహాయం చేయకూడదు. పిల్లలకూ యువకులకూ స్త్రీలకూ ప్రత్యేక కూడికలు పెట్టకూడదు. బైబిలు అధ్యయన కూడికలు, గ్రంథాలయం, వైద్య సహాయం ఏవీ కూడదు. ఒక్క మాటలో చెప్పాలంటే, పాడుకోండి గానీ ఎవరికీ అన్నం పెట్టకండి అని చట్టం. చిన్న చిన్న మార్పులతో అది 1990 వరకు నడిచింది.

మతం ఉత్త మత్తే అయితే ఆ మత్తును అలాగే ఉండనిచ్చి, అన్నం పెట్టే చేతినే ఎందుకు కట్టేశారు? నాకు తోచిన జవాబు ఇది. పేదవాడికి కావలసింది ప్రభుత్వం చూసుకోవాలి, జనం ప్రభుత్వం వైపే చూడాలి. సంఘం వేరేగా అన్నం పెడితే అది వేరే ప్రభువును చూపిస్తుంది. పాట మాత్రమే పాడే సంఘంతో పాలకులకు అంత భయం లేదు. పాడుతూ వడ్డించే సంఘం అంటే భయం. అలాగని పాడేవాళ్ళను ఊరికే వదిలారనీ కాదు. వేలాది గుళ్ళు మూతపడ్డాయి, పాదిరీలు చెరసాలల పాలయ్యారు, చాలామంది ప్రాణాలే కోల్పోయారు. 1931 డిసెంబరులో మాస్కోలోని క్రీస్తు రక్షకుని మహాదేవాలయాన్ని పేల్చివేశారు. తర్వాత ఆ స్థలంలో ఈతకొలను కట్టారు.

అయినా 1937 జనవరిలో జనాభా లెక్కలు తీసినప్పుడు, మతం గురించి అడిగిన ప్రశ్నకు పదహారేళ్ళు దాటినవారిలో సగానికి పైగా, సుమారు 57 శాతం, విశ్వాసులమని చెప్పుకున్నారు. అలా చెప్పడం ఎంత ప్రమాదమో తెలిసిన కాలం అది. ఆ లెక్కలను ప్రభుత్వం తొక్కిపెట్టింది. లెక్కలు తీసిన అధికారులను అరెస్టు చేసింది. సంఘం నుంచి రూపాయి సహాయం దొరకదు, పైగా ఉద్యోగం పోవచ్చు, చెరసాల రావచ్చు. ఏ లాభమూ లేని చోట కూడా ఆ జనం దేవుణ్ణి ఎందుకు వదల్లేదు? ఈ ప్రశ్నను పక్కన పెట్టుకుని ముందుకు వెళ్దాం.

ఉపయోగపడే సంఘం

తూర్పు జర్మనీలో దీనికి ఎదురు కథ నడిచింది. అక్కడ 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. మొదట్లో సంఘాన్ని గట్టిగా ఒత్తిడి చేసింది. పిల్లల కన్ఫర్మేషన్‌కు పోటీగా దేవుడి పేరులేని యువజన ప్రమాణం పెట్టింది. అందులో చేరని పిల్లలకు పై చదువుల దారులు మూసుకుపోయేవి. కానీ సంఘాల ఆసుపత్రులను, వృద్ధాశ్రమాలను, మానసిక వైకల్యం ఉన్నవారి గృహాలను మాత్రం నడవనిచ్చింది. పని చేయలేని మనిషి, పనివాళ్ళ రాజ్యంలో ఎవరి లెక్కలోనూ పడడు. అలాంటివారిని చూసుకునే చేతులు సంఘంలో ఉన్నాయి. 1978 మార్చిలో పార్టీ నాయకుడు ఎరిక్ హోనెకర్, బిషప్ ఆల్బ్రెష్ట్ షోన్‌హెర్ర్ కూర్చుని మాట్లాడుకున్నారు. సంఘానికి సోషలిజంలో కొంత చోటు దొరికింది.

ఇది వినడానికి విజయంలా ఉంటుంది. కానీ అక్కడి విశ్వాసుల్లో కొందరు అప్పుడే ఒక మాట అడిగారు: మనకు చోటు ఇచ్చింది మనం నమ్మేది నిజమనా, మనం పనికొస్తామనా? పనికొస్తామని ఇచ్చిన చోటు, పనికిరాని మాట మాట్లాడిన రోజున పోతుంది కదా.

జనం వైపు నుంచి కూడా ఇదే జరిగింది. లైప్‌జిగ్ నగరంలోని నికొలాయ్ దేవాలయంలో 1982 నుంచి సోమవారాలు శాంతి ప్రార్థనలు జరిగేవి. మొదట్లో వచ్చింది కొద్దిమందే. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థనలు ముగిశాక సుమారు 70,000 మంది కొవ్వొత్తులతో వీధుల్లో నడిచారు. ఒక్క తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. మనం ఇక్కడ ఆపేసి హల్లెలూయా అంటాం. నిజంగా స్తుతించదగిన సంగతే. కానీ తర్వాత ఏమైంది? స్వేచ్ఛ వచ్చాక ఆ జనంలో చాలామంది తిరిగి దేవాలయానికి రాలేదు. 1950లో ఆ దేశంలో పదిమందిలో ఎనిమిది మంది ప్రొటెస్టెంట్లు. 1989 నాటికి అది నాలుగో వంతు దగ్గరకు పడిపోయింది. ఈనాటికీ ఆ ప్రాంతం ప్రపంచంలో దేవుని నమ్మకం అతి తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. దేవాలయం కప్పు కింద తప్ప నోరు విప్పే చోటు లేనప్పుడు జనం వచ్చారు. చోటు ఊరంతా దొరికాక వెళ్ళిపోయారు.

వాళ్ళను తప్పు పట్టడం లేదు. సంఘం వాళ్ళకు చోటివ్వడమూ సరైనదే. కానీ ఉపయోగం మీద నిలబడిన మతం ఉపయోగం తీరాక నిలబడదు. ఇక్కడ మార్క్స్ చెప్పింది కొంత నిజమే: నొప్పి పోతే మందు అవసరం లేదు. మన ఫెలోషిప్‌ల గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించండి. మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు విమానాశ్రయానికి వచ్చింది ఎవరు? అపార్ట్‌మెంట్ చూపించింది, పురుడు పోసుకున్న అక్కకు పథ్యం వండి పెట్టింది, తెలుగులో మాట్లాడింది ఎవరు? దేవునికి స్తోత్రం. అయితే గ్రీన్‌కార్డు వచ్చి, ఇల్లు కొనుక్కుని, పిల్లలు ఇంగ్లీషులో స్థిరపడ్డాక కూడా మనం ఎందుకు వస్తాం?

లోబెటాల్ ఇంట్లో అతిథి

ఇప్పుడు నా మనసును పట్టుకున్న సంఘటన ఒకటి చెబుతాను. 1990 జనవరి. హోనెకర్ అధికారం పోయింది. పార్టీ ఆయన్ను వెలివేసింది. కొత్తగా కాన్సర్ ఆపరేషన్ అయింది. ఉన్న ఇల్లు ఖాళీ చేయాలి. ఆ దంపతులకు దేశంలో తలదాచుకునే చోటు లేదు. బెర్లిన్ పక్కన లోబెటాల్ అనే ఊళ్ళో, మూర్ఛరోగులనూ వికలాంగులనూ చూసుకునే సంఘ సంస్థ ఒకటుంది. దాని పెద్ద పాస్టర్ ఊవె హోల్మర్. ఆయన తన సొంత ఇంట్లో పై గదులు హోనెకర్ దంపతులకు ఇచ్చాడు. సుమారు పది వారాలు వాళ్ళు అక్కడే ఉన్నారు.

హోనెకర్ భార్య మార్గోట్ పాతికేళ్ళకు పైగా ఆ దేశపు విద్యామంత్రి. హోల్మర్‌కు పదిమంది పిల్లలు. పాస్టర్ పిల్లలైనందుకు వాళ్ళకు పై చదువుల తలుపులు మూసింది ఆమె శాఖే. ఆ సంగతి మరచిపోయి హోల్మర్ తలుపు తీయలేదు. దేశం నలుమూలల నుంచి తిట్టుతూ ఉత్తరాలు వచ్చాయి, బెదిరింపులు వచ్చాయి. ప్రతిరోజూ ప్రభువు నేర్పిన ప్రార్థనలో మా ఋణస్థులను క్షమిస్తున్నాం అంటున్నాం కదా, మరి క్షమించకపోతే ఎలా అన్నదే ఆయన జవాబు సారం.

దీనివల్ల సమాజానికి వచ్చిన లాభం ఏమిటి? లెక్కలో ఏమీ లేదు. సంఘానికి మంచి పేరు రాలేదు, ఉన్నది చెడింది. హోనెకర్ మారుమనస్సు పొందాడా అంటే, లేదు. 1994లో చిలీ దేశంలో చనిపోయేదాకా కమ్యూనిస్టుగానే ఉన్నాడు. అతిథిని మార్చడం కోసం హోల్మర్ ఆ తలుపు తీయలేదు కాబట్టి, అది ఆయనకు ఓటమి కాలేదు.

పెదనాన్నా, నీ ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరకడం మొదలైంది. ఆకలిగొన్నవాడికి కూడు పెట్టడం ఏ సంఘమైనా చేయగలదు. నువ్వు చేశావు. నిజం చెప్పాలంటే నాకంటే ఎక్కువ చేశావు. కానీ ఎవరికీ పనికిరాని మనిషిని, ఓడిపోయిన శత్రువును కూడా మనిషిగా లెక్కపెట్టాలంటే, మనిషి విలువ అతని ఉపయోగంలో కాక వేరే చోట ఉండాలి. అది దేవుని స్వరూపంలో ఉందని మేము నమ్ముతాం. లోబెటాల్‌లో మూర్ఛరోగికి మంచం వేసిన నమ్మకమే హోనెకర్‌కూ మంచం వేసింది.

యోబు గురించి సాతాను అడిగింది

ఉపయోగం గురించిన ఈ ప్రశ్నను మార్క్స్ కంటే ముందే ఒకడు అడిగాడు. యోబు గ్రంథం 1:9 తీసి చూడండి. యోబు ఊరికే దేవునికి భయపడుతున్నాడా, చుట్టూ కంచె వేసి దీవించావు కాబట్టి కదా అని సాతాను అంటాడు. ఇంకో మాటలో, లాభం తీసేస్తే భక్తి మిగలదు అని వాడి వాదన. తర్వాతి నలభై అధ్యాయాలూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. యోబు అన్నీ పోగొట్టుకుని, దేవునితో వాదించి, ఏడ్చి, చివరికి దేవుణ్ణే అడుగుతాడు గానీ గొర్రెలను తిరిగి అడగడు.

యోహాను 6లో మన ప్రభువు కూడా, రొట్టెలు తిని తృప్తి పొందినందుకే నన్ను వెదకుతున్నారని ఆ జనంతో అన్నాడు. గమనించండి, అన్నం పెట్టడం ఆయన మానలేదు. ముందు రోజే ఐదువేల మందికి పెట్టాడు. పెట్టాక మాత్రం రొట్టెకూ తనకూ తేడా స్పష్టంగా చెప్పాడు. చాలామంది వెనక్కి వెళ్ళిపోతే వెళ్ళనిచ్చాడు.

అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 15లో ఇంకా తెగించి మాట్లాడాడు. క్రీస్తు లేవకపోయినా మన సహవాసం బాగుంది, పేదలకు మేలు జరుగుతోంది, కాబట్టి కొనసాగిద్దాం అని ఆయన అనలేదు. లేవకపోతే మన విశ్వాసం వ్యర్థం, అందరికంటే మనం దౌర్భాగ్యులం అన్నాడు. మన విశ్వాసం ఉపయోగం మీద కాక సత్యం మీద నిలబడింది. దేవుడు దేనికోసమో అని చెబితే, ఆ 'దేనికోసమో' అన్నదే మన అసలు దేవుడవుతుంది. రష్యాలో 1937లో ఆ 57 శాతం మంది చెప్పిన జవాబు కూడా నాకు ఇలాగే వినిపిస్తుంది.

మా ఇంటి కథ కూడా ఇక్కడికే వస్తుంది. 1876 నుంచి 78 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరవు. లక్షల మంది చనిపోయారు. అదే సంవత్సరాల్లో మన దేశపు ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉంది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగలైన వేలమందికి కూలి దొరికేలా చేశాడు. మా పెద్దలు కూడా ఆ కాలువ తవ్వారని ఇంట్లో చెప్పుకుంటారు. కరవు నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం ఎవరూ రాకూడదని. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చి అడిగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

తిండి కోసం మతం మారినవాళ్ళని మన తాతముత్తాతలను ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ నదిలో దిగిన ప్రతి హృదయమూ మనం చూడలేం. కానీ కూటికీ బాప్తిస్మానికీ మధ్య ఒక గోడ కట్టారన్నది చరిత్ర. ఆ ధాన్యపు ఓడలను ఆపమని గట్టిగా అడిగిన మిషనరీలు ఎందరు అని పెదనాన్న అడిగితే, అదీ న్యాయమైన ప్రశ్నే. వెంటనే నా రెండో వరుస గుర్తొస్తుంది.

ఎవరి తరఫున క్షమిస్తున్నాం?

ఈ లోబెటాల్ కథ మొదట చదివినప్పుడు నాకు ఒక తప్పుడు ఊరట కలిగింది. హోల్మర్ హోనెకర్‌నే క్షమించాడు, మనం ఆ అన్నను క్షమించలేమా, అడగడం ఎందుకు అనుకున్నాను. వారం తర్వాత ఆ తమ్ముడికి వంట ఇవ్వడానికి వెళ్ళాను. అతని ముఖం చూసేసరికి ఆ ఊరట పోయింది. హోల్మర్ తన ఇంటికి, తన పిల్లలకు జరిగిన అన్యాయాన్ని క్షమించాడు. ఖర్చు ఆయనది. మేము ఆ తమ్ముడికి జరిగిన అన్యాయాన్ని, అతన్ని ఒక్క మాట అడక్కుండా, క్షమించేశాం. ఖర్చు అతనిది, మంచి పేరు మాది. ఇది క్షమాపణ కాదు సహోదరులారా. హాలు అద్దె పోతుందన్న భయానికి మేము పెట్టుకున్న పేరు. ఆ అన్న మాకు ఉపయోగపడుతున్నాడు కాబట్టి ఊరుకున్నాం. అంటే మార్క్స్ చెప్పిన మతాన్ని నడిపింది మేమే.

ఒక పెద్దాయన్ను వెంట తీసుకుని ఆ అన్న ఇంటికి వెళ్ళాను. మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టే ముందు ఏకాంతంగా మాట్లాడాం. హెచ్-1బి మీద పెట్టుకున్న మనిషిని బెంచ్ మీద ఉంచినా జీతం ఇవ్వాలని ఈ దేశపు చట్టం చెబుతుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయనకూ కష్టాలున్నాయి. క్లయింటు డబ్బు ఆపాడు, అప్పులున్నాయి. అవన్నీ విన్నాం. విని, జీతం మాత్రం ఇవ్వాలని చెప్పాం. ఆయనకు కోపం వచ్చింది. పది రోజుల తర్వాత రెండు నెలల జీతం ఇచ్చాడు. మూడో నెలది ఇంకా రావాలి. ఆ కుటుంబం ఆదివారాలు రావడం మానేసింది. మంచి దాతను పోగొట్టామని కొందరు నా మీద నొచ్చుకున్నారు. వాళ్ళ మాట నాకు బరువుగానే ఉంది. ఆ అన్న ఇంటికి ఇప్పటికీ నెలకోసారి వెళ్తున్నాను. ఒకసారి తలుపు తీశారు, రెండుసార్లు తీయలేదు. ఆయన ఆత్మ కూడా ప్రభువుకు విలువైనదే కదా.

ప్రియులారా, మీరు ఏ దేశంలో ఉన్నా, దుబాయ్ లేబర్ క్యాంపులో ప్రార్థన నడిపించేవారైనా, లండన్‌లో అద్దె హాల్లో కూడుకునేవారైనా, మూడు సంగతులు మీ సంఘంలో మాట్లాడుకోమని వేడుకుంటున్నాను. మన ఆరాధనకు ఎన్నడూ రాని మనిషికి కూడా, రమ్మని అడక్కుండా, సహాయం చేస్తున్నామా? బాధపడేవాడికి అన్నం పెట్టినప్పుడు, ఆ బాధ పెట్టింది ఎవరో తెలిస్తే అడిగే ధైర్యం ఉందా, అతను మనలోనే ఉన్నా? ఈ సహాయాలూ స్నేహాలూ అన్నీ తీసేస్తే, ఆదివారం నాడు మనల్ని ఆ తలుపు దాకా నడిపించేది ఇంకా మిగిలి ఉంటుందా?

నిన్న పెదనాన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. లోబెటాల్ సంగతి కూడా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "ఆ పాస్టరు గట్టోడే. నేనైతే తలుపు తీసేవాణ్ణి కాదు" అన్నాడు. కాసేపాగి, "ఆ మూడో నెల జీతం వదలమాక" అన్నాడు. దేవుడి గురించి ఇంకేమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఆయన కోసం ప్రార్థించండి. నా కోసమూ ప్రార్థించండి.

మనకు రొట్టె ఇచ్చే ప్రభువును రొట్టె కోసం కాక ఆయన కోసమే వెదకే మనసును, ఆకలిగొన్నవాని ఎదుట మౌనంగా ఉండని నోటిని దేవుడు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.